వాటాకు లేని స్థిమితం

మైలవరంలో నూజివీడు వెళ్లే రోడ్డు మీద ఒక టీకొట్టుంది. రిటైరయ్యాక పొద్దున్నే అక్కడ కూర్చుని పేపరు చదవడం నాకు అలవాటైపోయింది. మామిడి కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో ఒక పొద్దున జిల్లా పేజీ అడుగున నాలుగు వాక్యాల వార్త కనపడింది. మతిస్థిమితం లేని వ్యక్తి ఒకడు రోడ్డు దాటుతూ వాహనం ఢీకొని చనిపోయాడు. పేరు లేదు, ఊరు లేదు, వయసు సుమారు 40. ఢీకొన్న వాహనం ఏమిటో, అది ఆగిందో లేదో కూడా లేదు. ఆ మనిషి గురించి పేపరుకు ఖాయంగా తెలిసిన సంగతి ఒక్కటే, అతని మతికి స్థిమితం లేదని. పేరే తెలియని మనిషి మనసులో ఏముందో ఎలా తెలిసిందబ్బా అని నాకు సందేహం.

పక్క బెంచీ మీద విలేఖరి కుర్రాడు టీ తాగుతున్నాడు. నా దగ్గర తెలుగు చదువుకున్నవాడే. అడిగాను.

"మరేం రాయమంటారు మాస్టారూ? పిచ్చోడు అని రాస్తే మీరే చీవాట్లేస్తారు. మర్యాదగా ఉంటుందనే కదా ఆ మాట వాడేది? అయినా స్టేషన్లో చెప్పిందే రాశాను" అన్నాడు.

వాణ్ని ఒక్కణ్నీ అని లాభం లేదు. చదువుకున్నవాళ్లం మనందరం అనుకుంటున్నదే వాడూ అనుకుంటున్నాడు. 'పిచ్చి' మోటుమాట, 'మతిస్థిమితం లేదు' మర్యాద మాట. డాక్టర్లు అనేదీ అదే, చట్టం అనేదీ అదే, కాబట్టి ఎవరి మీద వాడినా దోషం లేదు. ఇదీ మన నమ్మకం. ఈ నమ్మకంలో నిజం పాలు ఎంతో చూద్దామనే ఈ నాలుగు పేజీలు. నా మట్టుకు నాకు అందులో పిసరంత నిజం కూడా కనపడలేదు.

ముందు మాట సంగతి తేల్చుకుందాం, నా వృత్తి అదే కాబట్టి. సంస్కృతంలో ఉన్న మాట 'స్తిమితం'. స్తిమ్ అనే ధాతువు నుంచి వచ్చింది. మొదటి అర్థం తడిసినది. కదలక ఉన్నది, నెమ్మదైనది, మెత్తనిది అనేవి దాని తక్కిన అర్థాలు. స్థిరం, స్థానం, స్థితి లాంటి మాటల్లో ఉండే 'స్థా'కూ దీనికీ ఏ చుట్టరికమూ లేదు. పలికేటప్పుడు 'స్థిరం' గుర్తొచ్చి మనమే తవత్తు తీసేసి థవత్తు తగిలించుకున్నాం. వాడుక గెలిచింది, నేనూ 'స్థిమితం' అనే రాస్తున్నాను. ఒత్తుల మీద పోట్లాడే ఓపిక నాకు ఎప్పుడో పోయింది. కానీ ఆ ఒత్తుతో పాటు ఒక ఊహ కూడా మాటలోకి దూరింది. మనసంటే రాయిలా గట్టిగా ఉండాలి, గట్టిగా లేని మనసు చెడిపోయిన మనసు అన్న ఊహ. అసలు మాటలో ఈ గట్టితనమే లేదు. అందులో ఉన్నది తడి, నెమ్మది.

మన ఇళ్లలో ఆ మాట ఇప్పటికీ ఆ నెమ్మదితోనే బతుకుతోంది. ఆడపిల్ల పెళ్లి చేసి, అప్పు తీర్చి, "ఇప్పటికి కాస్త స్థిమితపడ్డామండీ" అంటాడు రైతు. "కోతలు కానివ్వు, స్థిమితంగా కూర్చుని మాట్లాడుకుందాం" అంటారు. "రెండు ముద్దలు స్థిమితంగా తిననివ్వరు కదా" అని ఇల్లాలు విసుక్కుంటుంది. గమనించండి, ఈ స్థిమితం ఎవరి పుట్టుకతోనూ వచ్చింది కాదు. డబ్బు చేతికొస్తే వస్తుంది, నిద్ర చాలకపోతే పోతుంది, పిల్లవాడి జ్వరం తగ్గితే మళ్లీ వస్తుంది. మా వైపు మామిడి రైతునే తీసుకోండి. పూత నిండుగా వచ్చిందని మురిసిన వారానికే మంచు పట్టుకుంటుంది. తేనెమంచు పురుగు పడితే తెల్లారేసరికి ఆకులన్నీ జిగురు జిగురు. మందు కొట్టి ఊపిరి తీసుకునేలోపు గాలివాన వచ్చి పిందె రాలుస్తుంది. జనవరి నుంచి మే దాకా బంగినపల్లి, చిన్నరసం వేసుకున్న మనిషిలో స్థిమితం ఉన్నవాణ్ని ఒక్కణ్ని తెచ్చి చూపించండి, వాడికి నేను దండ వేస్తాను.

ఇంత ఇంటి మాటకు ముందు 'మతి' తగిలించేసరికి కథ మారిపోయింది. ఈ సమాసాన్ని కాస్త తిప్పి చూడండి. రోజువారీ మాటల్లో ఇది 'లేదు' లాంటి మాట పక్కన తప్ప మరోచోట నిలబడదు. మతిస్థిమితం లేదు, మతిస్థిమితం కోల్పోయాడు, అంతే. "మా అబ్బాయి మంచి మతిస్థిమితం ఉన్నవాడండీ" అని పెళ్లిచూపుల్లో ఎవరైనా చెప్పుకోగా విన్నారా? ఉద్యోగ ప్రకటనలో చూశారా? ఉంది అని మామూలుగా ఎవరి గురించీ అనం. లేదు అని అవతలివాళ్ల గురించి మాత్రమే అంటాం. ఒక గుణాన్ని వర్ణించే మాటైతే అటూ ఇటూ రెండువైపులా వాడుకలో ఉండేది. దీని పని వర్ణించడం కాదు, మనిషిని గడప అవతల నిలబెట్టడం.

'పిచ్చి' కంటే ఇది నయం కదా అంటారు. నయమని ఎలా చెప్పగలం? పిచ్చి మనతో కలిసి పెరిగిన మాట. సినిమా పిచ్చి, పుస్తకాల పిచ్చి ఉన్నవాళ్లం మనమే. పిల్ల ఏడుస్తుంటే "పిచ్చితల్లీ" అని దగ్గరికి తీసుకుంటాం. గట్టు మీద వద్దన్నా మొలిచేవి పిచ్చిమొక్కలు. నువ్వుచేలో పూలు పూలుగా కాకుండా ఆకుల్లా మారిపోతే దానికి వెర్రి తెగులని పేరు పెట్టారు రైతులు. వెర్రిపుచ్చ ఉంది, వెర్రినువ్వులు ఉన్నాయి. మా కృష్ణా, గుంటూరు వైపు పిచ్చయ్యలూ పిచ్చమ్మలూ ఊరికి ఇద్దరైనా ఉండేవాళ్లు. ఆ పేరుకు మూలం వేరే అనేవాళ్లున్నారు, ఉండనివ్వండి. పిలిచేటప్పుడు వినపడేది మాత్రం పిచ్చే, ఎవరూ సిగ్గుపడలేదు. అట్లూరి పిచ్చేశ్వరరావు ఆ పేరుతోనే కథలు రాశారు, అనువాదాలు చేశారు, తెలుగువాళ్లు చదువుకున్నారు. మరి ఈ మర్యాద మాటతో ఒక పిల్లవాడికి పేరు పెట్టి చూపించండి.

పేపర్లో పిచ్చోడు అని రాయమని నేను అనడం లేదు. ఆ మాటతో రాళ్లు విసిరినవాళ్లున్నారు. 'మెంటల్' అన్నా, పిచ్చాసుపత్రులున్న చోట్ల పేర్లతో 'ఎర్రగడ్డ కేసు' అన్నా, 'వైజాగ్ పంపాలి' అన్నా ఎదుటివాణ్ని కొట్టడానికే. నేనూ క్లాసులో "మతిలేని వెధవా" అని ఎంతమందిని అన్నానో లెక్కలేదు, ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. నా మాట ఇంతవరకే. మోటుమాట ఎవరి నోట్లోంచి వచ్చిందో, ఎందుకు వచ్చిందో వినేవాడికి తెలిసిపోతుంది. తిరగబడి నాలుగు అనొచ్చు. మర్యాద మాటను తిరగబడి అనడానికి లేదు. అది కాగితం మీద పడ్డాక ఎవరో అన్నది కాదు, అందరికీ తెలిసిన నిజం అయి కూర్చుంటుంది.

అది ఎలా కూర్చుంటుందో నేను దగ్గరగా చూశాను.

మాకు దూరపు చుట్టం ఒకతను ఉన్నాడు, వరసకు నాకు బావ. ఇద్దరన్నదమ్ముల్లో పెద్దవాడు. తండ్రి పోయేనాటికి వాళ్లకు మూడెకరాల మామిడితోట. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి, చలి మొదలయ్యే రోజుల్లో బావకు నిద్ర ఉండేది కాదు. ఇక ఆగకుండా మాటలు, రాత్రంతా తోటల వెంబడి నడక. నెల, నెలన్నర అలా గడిచాక ఒక్కసారిగా చల్లబడి అరుగు మీద కూర్చుండిపోయేవాడు. అన్నం తినమంటే తినేవాడు, లేకపోతే లేదు. విజయవాడ తీసుకెళ్లి చూపించి, మందులు మొదలుపెట్టాక ఒక విడతకూ మరో విడతకూ మధ్య విరామం ఇంకా పెరిగింది. ఇంట్లోవాళ్లు మాత్రం నరాల బలహీనతని చెప్పుకునేవాళ్లు. మనకు మనసు జబ్బు లేదు కదా, అన్నీ నరాలే.

తక్కిన రోజుల్లో కోతకు బావను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. చిక్కం కట్టిన గెడ పట్టుకుని చెట్టు కింద నిలబడి ఓ నిమిషం తలెత్తి చూసేవాడు. తొడిమె దగ్గర గుంటపడి, భుజాలు లేచిన కాయనే ముట్టుకునేవాడు, పక్కనే వేలాడుతున్న లేతకాయకు చిక్కం తగలనిచ్చేవాడు కాదు. తొడిమె కొంచెం ఉంచి కోయాలి, లేకపోతే సొన కారి కాయంతా మచ్చపడి బజారులో ధర పోతుంది. బావ కోసిన ట్రేల్లో మచ్చకాయ వెతికితే దొరికేది కాదు. ఆ సొనకు అతని వేళ్లు మాత్రం ఎప్పుడూ నల్లగా, తోలు ఊడుతూ ఉండేవి.

తండ్రి పోయిన ఏడాదికి పంపకాలని పెద్దమనుషుల్ని కూర్చోబెట్టారు. నేనూ వెళ్లాను. చదువుకున్నవాణ్ననీ, కాగితం రాస్తాననీ పిలిచారు. వాళ్లలో పెద్దాయన గొంతు సవరించుకుని, "పెద్దాడికి మతిస్థిమితం లేదు కదా. వాడి పేర పెడితే రేపెవడికో రాసిచ్చేస్తాడు. అంతా చిన్నాడి పేర ఉంచండి, అన్నకు అన్నం పెడతాడు" అన్నాడు. అందరూ తలలూపారు. అప్పటికి బావకు ఒంట్లో బాగా ఉండి ఏడాది దాటింది. ఆ పొద్దునే ఎవరి తోటలోనో కోతకు వెళ్లి వచ్చాడు. అరుగు అంచున కూర్చుని నల్లబడ్డ వేళ్లను తువ్వాలుకు తుడుచుకుంటూ వింటున్నాడు. "నన్నడగరా?" అన్నాడు ఒక్కసారి. ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆయన చెప్పినట్టే కాగితం రాసి ఇచ్చాను.

రెండేళ్లు తిరక్కుండా తమ్ముడికి అప్పు కావాల్సి వచ్చింది. పెట్టుబడి పెట్టే వ్యాపారి పాత రికార్డులు తిరగేసి, "ఇందులో అన్నదమ్ములిద్దరికీ హక్కుంది, ఇద్దరూ సంతకం పెడితేనే డబ్బు" అన్నాడు. బావను పిలిచారు. నోటు చేతికిచ్చారు. సంతకం పెట్టాడు. సాక్షి సంతకం పెట్టింది ఎవరో కాదు, పంపకాల రోజు గొంతు సవరించుకున్న ఆ పెద్దాయనే.

వాటా ఇచ్చేనాడు లేని స్థిమితం అప్పు నోటు మీద సంతకం వేయించుకునేనాడు ఎక్కణ్నుంచి వచ్చింది? రెండేళ్లలో మారింది బావ మనసు కాదు. మారింది అవతలివాళ్ల అవసరం. స్థిమితం ఉందో లేదో తేల్చింది ఆ అవసరమే.

"చట్టమే ఆ మాట వాడుతోంది కదా" అన్న వాదనకు ఇప్పుడొద్దాం. ఇది విన్నప్పుడల్లా నాకు నవ్వొస్తుంది, ఎందుకంటే చట్టం చెప్పేది సరిగ్గా దీనికి అడ్డం. 1872 నాటి కాంట్రాక్టు చట్టం తీయండి. తెల్లవాడి కాలం, పిచ్చాసుపత్రుల్లో గొలుసులేసి ఉంచిన కాలం. ఆ చట్టం పన్నెండో సెక్షనే, మామూలుగా మనసు బాగుండని మనిషి కూడా బాగున్న సమయంలో ఒప్పందం చేసుకోవచ్చని చెప్పింది. పిచ్చాసుపత్రిలో ఉన్నవాడు సైతం తెరిపి వచ్చిన రోజుల్లో సంతకం పెట్టొచ్చని ఉదాహరణ ఇచ్చింది. అంతటితో ఆగలేదు. జ్వరం పేలాపనలో ఉన్నవాడూ, ఒప్పందంలో ఏముందో తెలియనంతగా తాగినవాడూ ఆ స్థితిలో ఉన్నంతసేపు ఒప్పందానికి పనికిరారని చెప్పింది. అంటే 150 ఏళ్ల కిందటి దొరలకు కూడా ఇది వచ్చీపోయే స్థితేనని తెలుసు. అదే 1872లో వచ్చిన సాక్ష్య చట్టం, అడిగిన ప్రశ్న అర్థమై సమాధానం చెప్పగలిగితే అలాంటి మనిషి సాక్ష్యమూ చెల్లుతుందంది. ఇప్పుడు దాని చోటులోకి వచ్చిన చట్టమూ ఆ నియమాన్ని అలాగే ఉంచింది. "దానికి మతిస్థిమితం లేదు, అది చెప్పేదేంటి" అని ఊళ్లలో ఎంతమంది ఆడవాళ్ల ఫిర్యాదులు గడప దాటకుండా ఆగిపోతాయో ఆలోచించండి.

వాటా సంగతి మరీ దారుణం. పాత ధర్మశాస్త్రం ఉన్మత్తుడికి ఆస్తి లేదంది. 1928లో చట్టం చేసి దాన్ని పుట్టుకతో అలా ఉన్నవాళ్లకే కుదించారు. 1956 హిందూ వారసత్వ చట్టం ఇరవై ఎనిమిదో సెక్షన్ దాన్నీ తుడిచేసింది. ఏ జబ్బున్నా, ఏ లోపమున్నా వారసత్వపు హక్కు పోదని రాసింది. 1956లో! బావ పంపకాల రోజున ఆ సంగతి నాకు తెలియదు. తెలిసి ఉంటే నోరెత్తేవాణ్నా అని నన్ను నేను అడుగుతుంటాను.

ఇక 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చేసిన పని ఇంకా సూటిగా ఉంది. ఒకరికి మానసిక జబ్బుందని తేలినా, అంతమాత్రాన ఆ మనిషి మతి చెడినవాడు కాడు, అలా ప్రకటించాల్సింది సమర్థమైన కోర్టు మాత్రమే అని మూడో సెక్షన్లో ఉంది. ఇరుగుపొరుగు ఆచారాలకూ నీతులకూ ఎదురు నడిచాడని ఎవరికీ జబ్బు అంటగట్టకూడదనీ, ఎప్పుడో ఆసుపత్రిలో ఉన్నాడన్న ఒక్క కారణంతో ఇప్పుడూ జబ్బుందని తేల్చకూడదనీ అక్కడే ఉంది. ఓటు విషయంలోనూ ఇదే పద్ధతి. 1950 ప్రజాప్రాతినిధ్య చట్టం ప్రకారం జాబితాలోంచి పేరు తీయాలంటే కోర్టు ప్రకటన ఉండాలి, ఊరి పెద్ద మాట చాలదు. అంటే ఈ మాట అనే అధికారం చట్టం ఒక జడ్జికి ఇచ్చింది. మనం దాన్ని హెడ్ కానిస్టేబుల్‌కీ, విలేఖరికీ, పంచాయితీ అరుగుకీ పంచిపెట్టాం.

నేరాలకు సంబంధించిన కొత్త న్యాయసంహిత ఊసెత్తి నన్ను ఇరుకున పెట్టబోయాడు ఒక లాయరు మిత్రుడు. 2023లో తెచ్చిన మొదటి ముసాయిదాలో 'మానసిక జబ్బు' అని రాసి, పార్లమెంటు స్థాయీ సంఘం చూశాక మళ్లీ 'మతి చెడడం' అనే పాత మాటకే వెళ్లారు కదా, మరి ఆ పాత మాటే మేలన్నట్టే కదా అన్నాడు. నేనూ అదే అంటున్నాను. జబ్బు వేరు, మతి చెడడం వేరు అని ఒప్పుకున్నారు కాబట్టే మార్చారు. జబ్బున్న ప్రతివాడికీ శిక్ష నుంచి మినహాయింపు ఇవ్వలేమని తెలుసు. నేరం జరిగిన ఆ నిమిషంలో తాను చేస్తున్నదేమిటో, అది తప్పో కాదో తెలియని స్థితిలో ఉన్నాడా లేడా అన్నంతవరకే ఆ మినహాయింపు సెక్షన్. అంత సన్నటి సందులో పట్టే మాటను పేపరువాళ్లు ఊరంత గోనెసంచి చేశారు. మానసిక వైకల్యంతో పుట్టిన పిల్ల అందులోనే, మూర్ఛ ఉన్నవాడు అందులోనే, మతిమరుపు జబ్బుతో దారి తప్పిన తాత, భాష రాని వలస కూలీ, ఒళ్లు తెలియకుండా తాగినవాడు, అందరూ అందులోనే. ఇంతమందికి సరిపోయిన మాట వీళ్లలో ఏ ఒక్కరి గురించైనా ఏం చెప్పినట్టు?

స్టేషన్లకు ఈ మాట ఎంత అక్కరకొస్తుందో చెప్పక్కర్లేదు. ఎక్కడో గుడిలో విగ్రహం పగులుతుంది. సాయంత్రానికి మతిస్థిమితం లేనివాడి పని అని తేలుతుంది. నిజమే కావచ్చు, కాకపోవచ్చు. ఇక ఎవరూ మరో ప్రశ్న వేయరు. రాజకీయ నాయకులైతే మైకు దొరికితే చాలు, ఎదుటి పార్టీవాడికి మతి భ్రమించిందంటారు. విచిత్రం ఏమిటంటే వాళ్లలో ఎవరి మీదా ఈ మాట అంటుకోదు. మర్నాడు అదే నాయకుడు వెయ్యి ఎకరాల ఫైలు మీద సంతకం పెడతాడు, ఎవరూ ఆపరు. అదే మాట మూడెకరాల బావ మీద పడితే జన్మంతా వదల్లేదు.

"మాట మారిస్తే జబ్బు మారుతుందా?" అనేవాళ్లు మరికొందరు. మారదు. కానీ ఆసుపత్రికి వెళ్లడం మారుతుంది. నిమ్హాన్స్ 2015–16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం పెద్దవాళ్లలో 10.6 శాతం మందికి ఆ సమయంలో ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మా టీకొట్టు బెంచీల మీద పదిమంది కూర్చుంటే అందులో ఒకరు. చికిత్స అందనివాళ్లు జబ్బును బట్టి నూటికి 70 నుంచి 92 దాకా ఉన్నారని కూడా ఆ సర్వేనే చెప్పింది. ఎందుకు అందదో డాక్టర్ల కొరత మీదికి తోసి ఊరుకుంటాం. అదీ నిజమే, మా వాళ్లు విజయవాడ బస్సెక్కాల్సిందే. కానీ డాక్టరు దగ్గరికి వెళ్తే దొరికేది మందు చీటీ ఒక్కటే కాదనీ, దాంతో పాటు వాటా పోయే మాట కూడా దొరుకుతుందనీ చూసినవాడు బస్సెందుకు ఎక్కుతాడు? నరాల బలహీనతే నయం.

పింఛను ఇప్పించేది కూడా ఆ ముద్రే కదా అని ఒక సచివాలయం అమ్మాయి అంది. అమాయకంగా అడిగింది గనక కోపం రాలేదు. సదరం సర్టిఫికెట్‌లో డాక్టరు రాసేది వైకల్యం ఏమిటి, ఎంత శాతం అన్నది. దాన్ని బట్టే నెలకు 6,000 రూపాయలు. అక్కడ 'మతిస్థిమితం' పని ఏమీ లేదు తల్లీ అని చెప్పాను.

ప్రమాదం మాటేమిటి, వాళ్లను అలా వదిలేస్తే జనానికి భద్రత ఉందా అంటారా? ఎవరి నుంచి ఎవరికి ప్రమాదమో ఒకసారి వెనక్కి వెళ్లి చూడండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో ఒక ఆశ్రయానికి నిప్పంటుకుని 28 మంది చనిపోయారు. అందరూ మానసిక రోగులే. పారిపోలేకపోయారు, గొలుసులతో కట్టేసి ఉంచారు కాబట్టి. కదలకుండా ఉండడమే స్థిమితం అనుకుంటే, ఆ రోజు వాళ్లకు కావాల్సినంత ఉంది.

పేపర్ల బాధ్యత వేరే చెప్పాలి. చికిత్సలో ఉన్న మానసిక రోగి ఫొటోగానీ వివరాలుగానీ ఆ మనిషి ఒప్పుకోకుండా మీడియాకు ఇవ్వకూడదని 2017 చట్టం ఇరవై నాలుగో సెక్షన్. 2019లో ప్రెస్ కౌన్సిల్ దాన్ని అనుసరించే మార్గదర్శకాలు తెచ్చింది. 2024 జులైలో నిపుణ్ మల్హోత్రా కేసులో సుప్రీంకోర్టు, వికలాంగులను కించపరిచే మాటలు జనం మనసులో వాళ్ల విలువను తగ్గిస్తాయని చెప్పి, సినిమావాళ్లకు హద్దులు గీసింది. సినిమాకు ఉన్న హద్దు పేపరుకు ఉండొద్దా?

అందుకే మా విలేఖరి కుర్రాడికి ఆ పొద్దున ఒకటే చెప్పాను. మర్యాద మాట వెతకడం మానెయ్. ఆ మనిషి మనసు సంగతి నీకు తెలియదు, ఆ వార్తకు దాంతో పనీ లేదు. నలభై ఏళ్ల మనిషి రోడ్డు దాటుతూ చనిపోయాడని రాయి. గుద్దిన బండి ఏదో కనుక్కుని రాయి. నువ్వు 'మతిస్థిమితం' అని రాసిన చోట ఉండాల్సింది ఆ బండి నంబరు. డాక్టరు చెప్పిన జబ్బుంటే, అది వార్తకు అవసరమైతే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, ఆ జబ్బు పేరు రాయి. ఈ మూడూ లేనప్పుడు ఏమీ రాయొద్దు. వాడు టీ గ్లాసు కింద పెట్టి, "డెస్కులో మళ్లీ వాళ్లే కలుపుతారు మాస్టారూ" అన్నాడు. అయితే ఆ డెస్కులో కూర్చున్నవాళ్లకే ఈ వ్యాసం.

బావకు ఇప్పుడు అరవై దాటాయి. మందులు వేసుకుంటున్నాడు. ఈ ఏడూ కోతకు పిలిస్తే వెళ్లాడు. కోతలయ్యాక, తోట పాసుపుస్తకంలో తన పేరు కూడా ఎక్కించమని తహసీల్దారు ఆఫీసులో అర్జీ పెట్టుకున్నాడు. అర్జీ నేనే రాశాను. సంతకం అతను చేశాడు.